పంజాగుట్ట మాల్‌కి కారులోనా, మెట్రోలోనా?

హైదరాబాద్‌లో ఏ మాల్‌కి వెళ్లినా బట్టలు, చెప్పులు ఇంచుమించు అవే కంపెనీలవి, ధరలూ అంతే. తేడా వచ్చేదల్లా అక్కడికి చేరే దారిలో, బండి పెట్టే చోట, తిండి దగ్గర. ఆ లెక్కన ఊరి నడిబొడ్డున అరపూట గడపాలంటే పంజాగుట్ట నెక్స్ట్ గలేరియా మేలు. మెట్రో స్టేషన్‌కి ఆనుకునే ఉంది కాబట్టి ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటే బాధ తప్పుతుంది.

ఎంజీబీఎస్‌లో బస్సు దిగినవాళ్లు మియాపూర్ వైపు వెళ్లే రెడ్ లైన్ ఎక్కితే ఎనిమిదో స్టేషన్ పంజాగుట్ట. నాంపల్లిలో ఎక్కితే అదే లైన్‌లో ఐదోది. సికింద్రాబాద్ నుంచో రాయదుర్గం నుంచో వస్తే బ్లూ లైన్‌లో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ ఎల్బీనగర్ వైపు రైలు ఎక్కాలి, ఒక్కటే స్టేషన్. తొందరలో మియాపూర్ వైపు ప్లాట్‌ఫాం మీదికి వెళ్లారో, దిగి మళ్లీ వెనక్కి రావాల్సిందే. ఇంకో చిక్కుంది. పక్క స్టేషన్ ఇర్రమ్ మంజిల్ దగ్గర నెక్స్ట్ ప్రీమియా అనే మాల్ ఉంది. పేరు అలాంటిదే, గలేరియాలో లాగే అక్కడా పీవీఆర్ థియేటర్ ఉంది. సినిమా టికెట్ మీద థియేటర్ పేరు పూర్తిగా చదివి దిగండి.

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1లోని జీవీకే వన్ కూడా దగ్గరే కానీ మెట్రో దిగాక ఆటో ఎక్కక తప్పదు. మాదాపూర్ ఇనార్బిట్, కొండాపూర్ శరత్ సిటీ పెద్దవే. అయితే వాటికి రోజంతా కేటాయించాలి.

కారులోనే వెళ్తామంటే జీవో 63 గుర్తుంచుకోండి. తెలంగాణలో మాల్స్ పార్కింగ్ కోసం 2018 మార్చిలో ఇచ్చిన ఉత్తర్వు అది. మొదటి 30 నిమిషాలు ఎవరికైనా ఉచితం. అరగంట నుంచి గంట దాకా అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే బిల్లో సినిమా టికెట్టో పార్కింగ్ రుసుము కంటే ఎక్కువ మొత్తానిది అయ్యుండాలి. అంటే రుసుము 40 రూపాయలైతే 60 రూపాయల కాఫీ బిల్లు కూడా సరిపోతుంది. ఇంత సులువుగా ఉన్నా చాలామంది డబ్బు కట్టే బయటపడతారు. బిల్లు సంచి అడుగున ఎక్కడో ఉంటుంది, లేదా ముందే మెట్రోలో వెళ్లిపోయిన చెల్లెలి పర్సులో ఉంటుంది. గేటు దగ్గర వెతుకుతుంటే వెనక కార్లు హారన్ మోగిస్తాయి. కారెక్కే ముందే పార్కింగ్ చీటీ, బిల్లు కలిపి చొక్కా జేబులో పెట్టుకోవాలి. థర్మల్ కాగితం మీద అచ్చు వెలిసిపోతుంది, కొన్న బట్టలు షాపులో ఇచ్చి మార్చుకోవాలన్నా ఆ బిల్లే కావాలి కనుక ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే మంచిది. బేస్‌మెంట్‌లో స్తంభం నంబర్ కూడా ఫొటో తీసుకోండి. ఒక్కో అంతస్తూ అచ్చు ఒకేలా ఉంటుంది మరి.

తిండి సంగతి. బయటి తినుబండారాలు ఆపేసే హక్కు థియేటర్లకి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో మంచినీళ్లు ఉచితంగా పెట్టాలని, పసిపిల్లల ఆహారాన్ని అనుమతించాలని కూడా చెప్పింది. కాబట్టి బాటిల్ కొనే ముందు నీళ్లు ఎక్కడ పెట్టారో అడగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఫుడ్ కోర్టులో ప్రీపెయిడ్ కార్డు ఇస్తే అవసరమైనంతే వేయించుకుని, మిగిలింది ఆ పూటే వెనక్కి తీసుకోండి. రెస్టారెంట్‌లో కూర్చుని తింటే బిల్లులో సర్వీస్ చార్జి ఉందేమో చూడండి. అడగకుండా దాన్ని కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. మర్యాదగా చెప్పి తీసేయించుకోవచ్చు. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. ఇంటి నుంచి ఒక గుడ్డసంచి తెచ్చుకుంటే బిల్లు కౌంటర్ దగ్గర సంచి డబ్బుల పేచీ ఉండదు.

రద్దీ విషయానికొస్తే, ఆదివారం సాయంత్రం ట్రయల్ రూమ్ ముందు వరస చూస్తే కొనాలన్న సరదా పోతుంది. మామూలు రోజుల్లో, షాపులు తెరిచిన తొలి గంటలో వెళ్తే సైజులు తీసి చూపించే ఓపిక అమ్మేవాళ్లకీ ఉంటుంది.

జిల్లాల నుంచి వచ్చి రాత్రి ఆగేవాళ్లకి నాంపల్లి, లక్డీకాపూల్‌లో లాడ్జీలున్నాయి. రెండూ రెడ్ లైన్ మీదే కాబట్టి సామాను గదిలో పడేసి చేతులూపుకుంటూ రావచ్చు. సెకండ్ షో వదిలేసరికి మాత్రం మెట్రో ఉండదు. క్యాబ్‌ని బేస్‌మెంట్‌లో నిలబడి బుక్ చేయొద్దు, సిగ్నల్ అందక లొకేషన్ తప్పుగా పడుతుంది. పైకి వచ్చి, ఏ వైపు రోడ్డు మీద ఉన్నారో చూసుకుని అప్పుడు బుక్ చేయండి. అవతలి వైపు ఆగిన డ్రైవర్ యూటర్న్ తిప్పుకుని రావడానికి ఒప్పుకోకపోవచ్చు.