ఆల్టోనా, టెనరా? మొదటి శాక్సోఫోన్ ఎంపిక

జాజ్ కోసం శాక్సోఫోన్ మొదలుపెట్టేవాళ్లకు మా సలహా ఆల్టోనే. శాక్సోఫోన్ రకాల్లో ఇది చిన్నది, పై స్థాయిలో పలుకుతుంది; టెనర్ పెద్దది, మంద్రంగా పలుకుతుంది. ఆల్టో బరువు సుమారు 2.5 కిలోలు; టెనర్ 3.5 దాకా ఉంటుంది, గంట సాధన చేస్తే మెడకు తెలుస్తుంది. కద్రి గోపాల్‌నాథ్ కర్ణాటక సంగీతం పలికించిందీ ఆల్టో మీదే. వేళ్ల అమరిక రెండింటికీ ఒకటే, తర్వాత మారవచ్చు.

టెనర్‌కు గాలి ఎక్కువ కావాలి. కొత్తవాళ్లు రీడ్‌ను (ఊదితే కంపించే సన్నని రెల్లు బద్ద) దవడతో బిగించేస్తారు, దాంతో మంద్ర స్వరం పై స్థాయికి ఎగిరిపోతుంది. ఆల్టోలో అదే బిగింపు శ్రుతిని పెంచుతుంది. మౌత్‌పీస్ (నోట పెట్టుకునే భాగం) ఒక్కటే ఊది ట్యూనర్ (శ్రుతి కొలిచే పరికరం) చూడండి: ఆల్టోకు 880 హెర్ట్జ్, టెనర్‌కు 784 దరిదాపుల్లో రావాలి. అంతకు మించితే పెదవి బిగువు వదలాలి. రీడ్ గట్టితనం దేనికైనా 2 లేదా 2.5 నంబరు చాలు.

వినడంలో తేడా ఇంకా ఆసక్తికరం. కారులో టైర్ల హోరు మంద్ర స్వరాలను మింగేస్తుంది. జాజ్ కళాకారుడు చార్లీ పార్కర్ ఆల్టో దాన్ని చీల్చుకుని వినిపిస్తుంది. మరో జాజ్ కళాకారుడు జాన్ కోల్‌ట్రేన్ టెనర్‌ను, ముఖ్యంగా నెమ్మదైన బాణీలను, ఇంట్లో వినండి. స్వరం చివర ఊపిరి జారడం కూడా అక్కడే అందుతుంది. ఆ ధ్వని మీదే మనసు నిలిచిందా, టెనరే కొనండి. భుజాల మీదుగా వేసుకునే పట్టీ మాత్రం తప్పనిసరి.