కార్బురేటర్ విప్పాలా, ముందు పెట్రోల్ లైను చూడాలా?

ఒడిశాలోని గోపాలపూర్ ఒడ్డున మన తెలుగు జాలర్ల మధ్య ఈ వాదన ఎప్పుడూ ఉండేదే. పడవ వెనక బిగించే అవుట్‌బోర్డ్ ఇంజిన్ స్లోలో బాగానే తిరిగి రేస్ ఇవ్వగానే నీరసపడితే, సగం మంది స్పానర్ తీసి పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్ మీద పడతారు. నేనూ ఒకప్పుడు అంతే.

పెట్రోల్ లైను, అంటే ట్యాంకు నుంచి ఇంజిన్‌కి పెట్రోల్ వచ్చే దారి, చూడటానికి పైసా ఖర్చు లేదు. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందా? మూసి ఉంటే లోపలికి గాలి రాక, పెట్రోల్ అందక, బయల్దేరిన కాసేపటికి ఇంజిన్ ఆగిపోతుంది. తర్వాత ఇంజిన్ నడుస్తుండగానే పైపు మధ్యలోని రబ్బరు బుడ్డ నొక్కండి, వెంటనే ఊపందుకుంటే తప్పు పైపులోనో ఫిల్టర్‌లోనో ఫ్యూయల్ పంపులోనో ఉన్నట్టు, కార్బురేటర్ జోలికి పోవద్దు. కాస్త పెట్రోల్ గాజు సీసాలో పోసి ఉంచితే, నీళ్ళు కలిసి ఉంటే అడుక్కి దిగుతాయి. ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోల్ తేమ పీలుస్తుంది కదా, వానాకాలంలో సగం ఖాళీ ట్యాంకు వదిలేస్తే ఇక చెప్పక్కర్లేదు.

కార్బురేటర్ సంగతి వేరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజుల వేట నిషేధంలో ఇంజిన్ పక్కన పడి ఉంటే లోపలి పెట్రోల్ బంకలా పట్టి జెట్ అనే సన్నని రంధ్రం మూసుకుపోతుంది. బుడ్డ నొక్కినా మార్పు లేక, చోక్ కొంచెం లాగితే తేరుకుంటే అనుమానం ఇటే. ఒడ్డుకొచ్చాకే విప్పండి, ఒక్క వాషరు నీళ్ళలో పడితే అంతే సంగతులు. జెట్‌లో తీగ పెట్టి పొడవొద్దు, క్లీనర్ స్ప్రే చాలు.

నా ఓటు లైనుకే. బరంపురం దాకా పోయి కార్బురేటర్ కిట్ కొనుక్కొచ్చి బిగించాక తెలిసింది, తప్పంతా ఆ మూత స్క్రూదని!