క్లర్కెన్‌వెల్‌లో సెయింట్ జాన్ మ్యూజియం: కత్తుల గది దగ్గరే ఆగిపోకండి

అమ్మానాన్నలు లండన్ వచ్చారు, టవర్ బ్రిడ్జి, లండన్ ఐ అన్నీ అయిపోయాయి, ఇంకెక్కడికి తీసుకెళ్లాలో తోచడం లేదు అనేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఫారింగ్డన్ స్టేషన్లో దిగి కాస్త నడిస్తే వీధికి అడ్డంగా ఒక రాతి కోటగుమ్మం కనిపిస్తుంది. అదే సెయింట్ జాన్స్ గేట్, 1504లో కట్టింది. ఫస్ట్ ఎయిడ్ నేర్పే వాలంటీర్ సంస్థ సెయింట్ జాన్ అంబులెన్స్ పుట్టుక చెప్పే మ్యూజియం అందులోనే ఉంది. లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు.

మా నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. కండక్టర్ లైసెన్సుకి ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కావాలి, ఆయన దగ్గరున్నది సెయింట్ జాన్ వాళ్లదే. నల్లటి గుడ్డ మీద ఎనిమిది మొనల తెల్ల శిలువ కనబడగానే "ఇది మన సర్టిఫికెట్ మీదున్న గుర్తే కదమ్మా" అని జేబులోంచి కళ్లజోడు తీశారు. ఇక ఆయన్ని కదిలించడం నా వల్ల కాలేదు.

మొదట వచ్చేది సెయింట్ జాన్ పేరు పెట్టుకున్న మధ్యయుగపు యోధుల కథ. జెరూసలేంలో యాత్రికులకి ఆసుపత్రి నడిపినవాళ్లు తర్వాత కత్తి పట్టారు, రోడ్స్, మాల్టా దీవుల్ని ఏలారు. ఎనిమిదో హెన్రీ వాళ్లకి బహుమతిగా ఇచ్చిన కంచు ఫిరంగి ఉంది. 1540లో ఇంగ్లండులో వాళ్ల మఠాన్ని రద్దు చేసి ఆస్తులు లాగేసుకున్నదీ ఆ హెన్రీయే! కవచాలు, నాణేలు ఇష్టమైతే ఇక్కడ ఎంతసేపైనా గడపొచ్చు. నాకు మాత్రం అసలు కథ ఆ తర్వాతే మొదలైంది.

ఎందుకంటే ఇప్పుడు మనం చూసే వాలంటీర్లు ఆ యోధుల వారసులేమీ కారు. 19వ శతాబ్దంలో కొందరు ఇంగ్లీషువాళ్లు ఆ పాత పేరుని మళ్లీ లేపారు. అప్పటికి సారాకొట్టుగా మారిన ఈ గుమ్మాన్ని 1874లో కొన్నారు. అది గనులు, రైళ్లు, ఫ్యాక్టరీలు జోరుగా నడుస్తున్న కాలం. చెయ్యి నలిగినా, కాలు విరిగినా డాక్టరు దగ్గరికి చేరేలోపే ప్రాణం పోయేది. పక్కనున్న కూలీకే రక్తం ఆపడం, కట్టు కట్టడం నేర్పితే పోలా అని 1877లో సెయింట్ జాన్ అంబులెన్స్ అసోసియేషన్ పెట్టారు. మరుసటేడు వూలిచ్‌లో మామూలు జనానికి క్లాసులు మొదలయ్యాయి. పాఠం రాసిన సైనిక వైద్యుడు పీటర్ షెపర్డ్ 1879 జనవరిలో దక్షిణాఫ్రికాలో జరిగిన జూలూ యుద్ధంలో, ఇసాండ్ల్వానా దగ్గర చనిపోయాడు. ఆయన రాసిన చిన్న పుస్తకం మాత్రం ఆ తర్వాత కూడా చాలామందికి పాఠమైంది.

నేర్చుకున్నవాళ్లంతా యూనిఫాం వేసుకుని ఒక దళంగా ఏర్పడింది 1887లో. విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి పోగైన జనంలో డ్యూటీ చేశారు. మన పుష్కర ఘాట్ల దగ్గర టెంట్లలో కూర్చునే వాలంటీర్లు గుర్తొచ్చారు నాకు. యూనిఫాంలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు చూస్తూ నాన్న నాకు త్రికోణపు గుడ్డతో చెయ్యి ఎలా వేలాడగట్టాలో గాల్లోనే చేసి చూపించారు. పక్కనున్న ఒక పెద్దావిడ కూడా ఆగి చూసింది. బస్సులో ఆ విద్య ఎప్పుడైనా వాడారా అంటే, "ఘాట్ రోడ్డులో వాంతులకే ఎక్కువ పనికొచ్చింది" అన్నారు.

ఒక్క మాట: గైడ్ టూర్ లేకుండా వెళ్తే సగమే చూసినట్టు. గుమ్మం పై గదులు, రోడ్డుకి అవతలున్న చర్చి, దాని కింద 12వ శతాబ్దపు నేలమాళిగ టూర్‌లోనే చూపిస్తారు. రోజూ ఉండదు కాబట్టి వేళలు ముందే చూసుకుని వెళ్లండి. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కింది గదులే నయం. మా అమ్మ అక్కడే బెంచీ వెతుక్కుంది. చిన్నపిల్లలకి ఫిరంగి తప్ప పెద్దగా ఏమీ పట్టకపోవచ్చు. నర్సింగ్ చదివే పిల్లలుంటే మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన వాలంటీర్ నర్సుల సంగతులు వాళ్లకి బాగా నచ్చుతాయి. నా లెక్కలో ఐదుకి నాలుగు స్టార్లు. నాన్నయితే ఐదూ ఇచ్చేశారు.