స్క్రీన్‌షాట్ టికెట్ కాదు, కబ్స్ ఫ్యాన్స్ జాగ్రత్త

షికాగో చుట్టుపక్కల ఉన్న మన కబ్స్ బేస్‌బాల్ టీమ్ అభిమానులందరికీ ముందే చెప్తున్నా. వాట్సాప్ గ్రూపులో ఎవరైనా మ్యాచ్ టికెట్ల స్క్రీన్‌షాట్ పంపి, జెల్‌లో (Zelle, బ్యాంకు నుంచి నేరుగా డబ్బులు పంపే పద్ధతి) డబ్బులు కొట్టమంటే కొట్టకండి. నేను కొట్టాను. రెండు టికెట్లకి 380 డాలర్లు పోయాయి, ఇంట్లో ఉన్న కాస్త పరువూ పోయింది.

అసలు ఈ పిచ్చి 2023 నవంబర్‌లో మొదలైంది. టీమ్ మేనేజర్ డేవిడ్ రాస్‌ని తీసేసి, మిల్వాకీలో బ్రూవర్స్ టీమ్‌ని నడుపుతున్న క్రెగ్ కౌన్సెల్‌ని ఐదేళ్లకి 40 మిలియన్ డాలర్లు ఇచ్చి తెచ్చుకున్నాం. అప్పటిదాకా ఏ మేనేజర్‌కీ అంత ముట్టలేదు. (రాస్ మీద నాకేం కోపం లేదు, 2016లో కప్పు గెలిచిన టీమ్‌లో క్యాచర్ ఆయన, పాపం.) ఇక మన దశ తిరిగినట్టే అనుకుని, సీజన్ మొదలవకముందే కౌన్సెల్ పేరూ 30 నంబరూ ఉన్న జెర్సీ కొనేశాను. తీరా చూస్తే 2023లో 83 గెలిచి 79 ఓడిన మనం, 2024లో కూడా సరిగ్గా 83, 79! ఆయన వదిలేసి వచ్చిన బ్రూవర్స్ మాత్రం ప్యాట్ మర్ఫీ చేతిలో 93 గెలిచి, మనమూ ఉన్న డివిజన్‌లో మొదటి స్థానం ఎగరేసుకుపోయారు. ఆ తర్వాత కొత్త ప్లేయర్ కైల్ టకర్ వచ్చి 30 నంబరు తీసుకున్నాడు, నా జెర్సీ బీరువాలోకి వెళ్లింది.

అయినా ఆశ చావలేదు. 2025లో 92 గెలిచాం, ప్లేఆఫ్స్‌లో పాడ్రెస్ టీమ్‌ని ఇంటికి పంపాం, తర్వాత ఎదురైంది ఎవరు? బ్రూవర్సే. ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో మిల్వాకీలో మొదటి రెండూ ఓడి, మన గ్రౌండ్ రిగ్లీలో రెండూ గెలిచి లెక్క సరిచేసేసరికి నాకు నేల మీద కాలు ఆగలేదు. చివరి మ్యాచ్ అక్టోబర్ 11, శనివారం, మిల్వాకీలో. సరిగ్గా అప్పుడే గ్రూపులో మెసేజ్: "బాబుకి జ్వరం అన్నా, వెళ్లలేకపోతున్నాం, కొన్న రేటుకే ఇచ్చేస్తా."

మన యాస, మన మాట, పైగా నోరారా అన్నా అని పిలుస్తున్నాడు, అనుమానం ఎందుకొస్తుంది? యాప్‌లో ట్రాన్స్‌ఫర్ చేయమంటే "ఇప్పుడు అవ్వట్లేదన్నా, ఏదో ఎర్రర్, బార్‌కోడ్ స్క్రీన్‌షాట్ పంపుతున్నా, గేటు దగ్గర చూపిస్తే చాలు" అన్నాడు. నేను ఆగాల్సింది అక్కడే. ట్రాన్స్‌ఫర్ నిజంగా చేస్తే టికెట్ మన ఫోన్‌లోని బాల్‌పార్క్ అనే టికెట్ల యాప్‌లోకి వస్తుంది, అమ్మినవాడి ఫోన్‌లోంచి పోతుంది. స్క్రీన్‌షాట్ అయితే వంద మందికి పంపొచ్చు.

మా వాడిని వెంటబెట్టుకుని గంటన్నర పైగా డ్రైవ్ చేసి, పార్కింగ్‌కి వేరే కట్టి, గేటు దగ్గరికి వెళ్తే స్కానర్ ఎర్ర లైటు. గేటు దగ్గరున్న పెద్దాయన మర్యాదగానే చెప్పాడు, ఈ టికెట్ల మీద ఇప్పటికే ఎవరో లోపలికి వెళ్లారని. వెనక్కి తిరిగితే ఇంకో తెలుగాయన, అదే స్క్రీన్‌షాట్, అవే సీట్లు. ఇద్దరం మొహాలు చూసుకున్నాం, ఏడవాలో నవ్వాలో తెలీలేదు. చివరికి పార్కింగ్‌లో కారులో కూర్చుని రేడియోలో విన్నాం. మన సుజుకీ హోమ్‌రన్ కొట్టి 1-1 చేసినప్పుడు మావాడు సీట్లో ఎగిరాడు, ఆ తర్వాత బ్రూవర్స్ ప్లేయర్లు వాన్ ఒకటి, టురాంగ్ ఒకటి కొట్టేసరికి స్టేడియం లోపలి అరుపులు రేడియో అక్కర్లేకుండానే వినపడ్డాయి. 3-1, మన సీజన్ అయిపోయింది.

బ్యాంకుకి ఫోన్ చేస్తే, మీ చేత్తో మీరే పంపారు కదా సార్, వెనక్కి తేవడం కష్టం అన్నారు. అందుకే, తెలియనివాళ్ల దగ్గర కొనాల్సి వస్తే టికెట్ ముందు మీ యాప్‌లోకి రావాలి, తర్వాతే డబ్బులు. వాడు ఒప్పుకోకపోతే వదిలేయండి. పది, ఇరవై డాలర్లు ఎక్కువైనా గ్యారంటీ ఇచ్చే రీసేల్ సైట్‌లో క్రెడిట్ కార్డుతో కొంటే, కనీసం డిస్ప్యూట్ వేసుకునే దారి ఉంటుంది. గ్రూపులో మనవాడే కదా అన్న నమ్మకం ఒక్కటే ఉంటే మాత్రం నాలాగే రేడియో వింటారు.

కౌన్సెల్ మీద నాకు ఇంకా నమ్మకం ఉంది, కాంట్రాక్టు 2028 దాకా రాసుకున్నారు, నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. ఆ రోజు జ్వరం బాబు టికెట్లు కొన్నవాళ్లు మేమిద్దరం కాకుండా ఇంకెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, అందరం కలిసి కంప్లైంట్ ఇద్దాం.