మమ్మల్ని కాదు, వాణ్నే అడిగారు

మా తమ్ముడికి 19 ఏళ్లు, ఆటిజం. 18 నిండగానే స్పెషల్ స్కూల్లో ఇక పంపొద్దన్నారు. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లోనే ఫ్యాన్ చూస్తూ కూర్చునేవాడు, అమ్మకు ఒకటే టెన్షన్, మేం పోయాక వీడి గతేంటని. నల్గొండలో రామగిరి వైపు ఇలాంటి పెద్దపిల్లలకు పని నేర్పే చిన్న సెంటర్ ఉందని తెలిసి జూన్‌లో చేర్పించాం.

మొదటి రోజు మేడం ఏం పని ఇష్టమని వాణ్నే అడిగింది. వాడు పలకలేదు. బొమ్మల కార్డులు పరిచి, ఒక్క మాటా తొందరపెట్టకుండా పావుగంట కూర్చుంది, చివరికి కాంటా బొమ్మ మీద వేలు పెట్టాడు. ఇన్నేళ్లూ డాక్టర్లు, చుట్టాలు వాడి సంగతి మమ్మల్నే అడిగారు. ఇంట్లో మేమూ వాణ్ని ఎప్పుడూ అడగలేదు, ఆ రోజు ఏడుపొచ్చింది నాకు.

ఇప్పుడు కందిపప్పు తూచి ప్యాకెట్లు కడతాడు. కాంటా 498 చూపిస్తే వదలడు, చిటికెడు వేస్తాడు, ఎక్కువైతే తీస్తాడు, 500 పడ్డాకే మూతి కడతాడు. ఇదే పట్టుదలకు ఇంట్లో తిట్లు తిన్నాడు పాపం.

పానగల్ నుంచి క్లాక్ టవర్ దాకా షేర్ ఆటోలో రావడం కూడా నేర్పారు. మొదట సెంటర్ సారు పక్కన కూర్చున్నాడు, తర్వాత వెనకాల బండి మీద వచ్చాడు, ఆ తర్వాత క్లాక్ టవర్ దగ్గర నిలబడి చూశాడు. హారన్లు పడవు కాబట్టి చెవులకు హెడ్‌ఫోన్స్, జేబులో ఇంటి నంబర్ కార్డు. ఇప్పుడు ఒక్కడే వస్తాడు.

18 దాటితే చట్టం ప్రకారం అమ్మానాన్నలు కూడా వాళ్లంతట వాళ్లే గార్డియన్లు కారట, ఇదీ సెంటర్లోనే తెలిసింది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ అధ్యక్షుడిగా ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. అందరికీ అవసరం లేదు, సొంతంగా నిర్ణయించుకోలేని విషయాలుంటేనే అని మేడం అంది. లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులిచ్చే నిరామయ బీమా ఫారం దగ్గరుండి నింపించింది. వైకల్యం సర్టిఫికెట్ కోసం తిరిగిన ఒక ఆఫీసులో మాత్రం "చూడ్డానికి బాగానే ఉన్నాడు కదమ్మా" అని మూడుసార్లు తిప్పి పంపారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఆటిజం ఉంది, ఆ పేజీ ప్రింట్ పట్టుకెళ్తేనే ఫైలు కదిలింది.

సెంటర్ మీద ఒక కోపం ఉంది. అక్టోబర్‌లో ఆ సారు మానేశాడు, మాకు ముందు చెప్పలేదు. కొత్త ముఖం చూసి వాడు నాలుగు రోజులు గేటు దాటలేదు, రాత్రిళ్లు నిద్రలేదు. వారం ముందు కొత్త సారు ఫొటో చూపించి ఉంటే సరిపోయేది. గట్టిగానే అడిగాను, ఇకమీదట చెప్తామన్నారు. మధ్యాహ్నం రెండింటికే మూసేయడం కూడా ఉద్యోగాలు చేసేవాళ్లకు కష్టం.

చూడ్డానికి వెళ్తే పొద్దున పదింటికి ముందే వెళ్లండి, అప్పటికి గది నిశ్శబ్దంగా ఉంటుంది. మీవాణ్నో మీ అమ్మాయినో వెంట తీసుకెళ్లండి, సెంటర్ వాళ్లు మాట్లాడేది ఆ పిల్లలతోనే.