ది సైలెంట్ పేషెంట్: ట్విస్ట్ కోసమే చదివితే సగం పుస్తకం పోయినట్టే

అలెక్స్ మైఖేలిడిస్ మొదటి నవల ఇది, 2019లో వచ్చింది, వచ్చీ రాగానే న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ లిస్టులో ఫస్ట్ ప్లేస్ కొట్టేసింది, ఆ ఏడాది గుడ్‌రీడ్స్ అనే పుస్తకాల సైట్‌లో పాఠకులు ఓటేసి మిస్టరీ థ్రిల్లర్ అవార్డు కూడా దీనికే ఇచ్చారు. అయినా చదివినవాళ్ళని కదిపితే ఒకళ్ళు ఏకబిగిన చదివేశాం అంటారు, ఇంకొకళ్ళు దీనికా ఇంత హడావుడి అని విసుక్కుంటారు. నన్నడిగితే ఇద్దరూ చెప్పేది నిజమే.

అలీసియా అని ఒక పెయింటరు, మొగుడు గేబ్రియల్ మొహం మీద ఐదుసార్లు కాల్చి చంపేస్తుంది, అంతే, ఆ తర్వాత ఎవరెంత అడిగినా నోరు విప్పదు. ఒక్క బొమ్మ మాత్రం వేస్తుంది, తన బొమ్మే, దానికి ఆల్సెస్టిస్ అని పేరు పెడుతుంది. కొన్నేళ్ళకి లండన్‌లో ఆమెని ఉంచిన మానసిక ఆసుపత్రిలో థియో అనే సైకోథెరపిస్ట్ కావాలని ఉద్యోగంలో చేరి ఎలాగైనా ఆమెతో మాట్లాడించాలని చూస్తాడు.

నాకు పుస్తకం మొత్తంలో బాగా పట్టేసింది ఆ ఆల్సెస్టిస్ సంగతే. రచయిత సైప్రస్‌లో పుట్టినవాడు, ఆ పేరు యూరిపిడిస్ రాసిన పాత గ్రీకు నాటకంలోంచి తెచ్చాడు. మన సావిత్రి యముడితో వాదించి మొగుణ్ణి తెచ్చుకుంది కదా, ఆ నాటకంలో ఆల్సెస్టిస్ మొగుడి బదులు తనే చచ్చిపోతుంది, వాడు సరే అని ఊరుకుంటాడు! తర్వాత హెరాక్లిస్ అనే వీరుడు మృత్యువుతో కొట్లాడి ఆమెని వెనక్కి తెస్తే, వచ్చి నిలబడుతుంది గానీ ఒక్క మాట కూడా మాట్లాడదు. అది సంతోషమా, కోపమా? నవల అంతా ఈ ప్రశ్న మీదే నడుస్తుంది, ట్విస్ట్ వేటలో పడి గబగబా పేజీలు తిప్పేవాళ్ళకి ఇది అసలు ఆనదు.

ఇక తిట్టేవాళ్ళ మాట. థెరపిస్ట్ అన్నవాడు పేషెంట్ బంధువుల ఇళ్ళకెళ్ళి డిటెక్టివ్‌లా ఆరాలు తీయడమేంటి అంటారు, న్యాయమే. రచయిత సైకోథెరపీ చదివి మానసిక రోగుల యూనిట్‌లో పని కూడా చేశాడు, తెలియక రాశాడని అనుకోలేం, అందుకే ఆ ఫీల్డ్ వాళ్ళకి ఇంకా మండుతుంది. పక్కింటావిడ, గ్యాలరీ ఓనరు, గేబ్రియల్ సోదరుడు, అందరి మీదా అనుమానం వచ్చేలా తలా ఒక చాప్టర్ రాసేసి వదిలేశాడు, అక్కడ నాకూ బోర్ కొట్టింది.

ఆడవాళ్ళ పాత్రల్లో పస లేదన్న కంప్లయింట్ మాత్రం సగమే ఒప్పుకుంటా. థియో భార్య కాథీ మనకి థియో కళ్ళతోనే కనిపిస్తుంది, కాబట్టి అలా ఉండడం కథకి అవసరమే. కానీ నవల మధ్యమధ్యలో వచ్చే అలీసియా డైరీ ఆమె సొంత గొంతు కదా, అందులో కూడా ఎంతసేపూ మొగుడి గోలే, అంత పెద్ద పెయింటరు తన పని గురించి రాసుకునేది ఇంకా చాలా ఉండాల్సింది, నిజంగా బాధేసింది. పైగా ఎవరేమన్నారో పొల్లుపోకుండా సంభాషణలతో సహా డైరీ ఎవరు రాస్తారు చెప్పండి.

ట్విస్ట్ ఏంటో చెప్పను. చీటింగ్ అని కొందరంటున్నారు, నేనొప్పుకోను, చివర తెలిశాక వెనక్కెళ్ళి చూశా, ఎక్కడా అబద్ధం ఆడలేదు, మనమే వేరేలా అనుకుంటాం. కొనుక్కోండి, ధైర్యంగా చదవండి. ఈయన రెండో నవల ది మెయిడెన్స్ 2021లో వచ్చింది, థియో అందులో కూడా కాసేపు కనిపిస్తాడు, అది ముందు పట్టుకోకండి, దీని తర్వాతే చదవండి.