క్రూయిజ్‌లో అన్నీ రుచి చూడొచ్చు, ఏదీ పారేయకుండా

సింగపూర్‌లో ఎక్కి పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూర్‌లో దిగే నాలుగు రాత్రుల క్రూయిజ్‌కి వెళ్దామనుకునేవాళ్లకి ముందు ఒక మాట చెప్పాలి. ట్రావెల్ ఏజెంట్ ఎవరైనా "ఇండియన్ వెజ్ మీల్ గ్యారంటీ" అని విడిగా డబ్బులు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. హైదరాబాద్‌లో మా ఏజెంట్ తలకి 3,000 చొప్పున మా నలుగురికి 12,000 రూపాయలు వసూలు చేశాడు. "ఓడలో అంతా బీఫూ పోర్కేనండీ, పెద్దావిడ పస్తులుండాలి" అని మా అత్తయ్యగారి ఎదురుగానే అన్నాడు. ఆవిడ మొహం వాడిపోవడం చూసి మా ఆయన మారు మాట్లాడకుండా కట్టేశారు. తీరా మొదటి రాత్రి డైనింగ్ హాల్లో ఆ రసీదు చూపిస్తే హెడ్ వెయిటర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటి ప్యాకేజీ మా దగ్గర లేదమ్మా అన్నాడు. ఇండియన్ శాకాహారం రోజూ రాత్రి మెనూలోనే ఉంటుందట, టికెట్‌లోనే కలిసి ఉంటుందట. ఇంటికొచ్చాక ఏజెంట్‌ని నిలదీస్తే "అది మా సర్వీస్ చార్జ్" అన్నాడు. రసీదు మీద ఆ మాటే లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాం. మీరు కూడా రసీదులూ వాట్సాప్ మెసేజ్‌లూ చెరపకుండా ఉంచుకోండి.

అసలు ఖర్చు విషయానికొస్తే, కిటికీ లేని ఇన్‌సైడ్ కేబిన్లు రెండు, పోర్టు చార్జీలతో సహా నలుగురికి 2,36,000 అయ్యాయి. హైదరాబాద్ నుంచి రానూపోనూ విమానం తలకి 26,400. ఇన్‌సైడ్ కేబిన్ చాలు, పడుకోవడానికి తప్ప అందులో ఎవరూ ఉండరు. సింగపూర్‌లో ఎక్కడం, ఇమిగ్రేషన్, లగేజీ అన్నీ గంటన్నరలో సాఫీగా అయిపోయాయి.

ఇక తిండి. పెద్ద ఓడల్లో టికెట్‌తో కలిసొచ్చే భోజనం ముఖ్యంగా రెండు చోట్ల ఉంటుంది. పైన డెక్ మీద బఫే ఒకటి, కింద వెయిటర్లు వడ్డించే డైనింగ్ హాలు ఒకటి. మనవాళ్లు చాలామంది బఫే దగ్గరే ఆగిపోతారు. హాల్లో ఇంగ్లీషు మెనూ, ఫోర్కూ కత్తీ, ఏం అడగాలో తెలియదన్న మొహమాటం. నాకు బఫే నచ్చలేదు. వంట బాగాలేక కాదు. అక్కడ పారేసే తిండి చూడలేకపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం మా పక్క టేబుల్ వాళ్లు లేచి వెళ్లిపోయారు. నాలుగు పెద్ద ప్లేట్లు అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో గుట్టగా రొయ్యలు, వాటి మీద ఒక్క కొరుకు కొరికిన పిజ్జా ముక్క, దాని మీద చాక్లెట్ కేకు. కేకు క్రీము కరిగి రొయ్యల్లోకి దిగుతోంది. తీసేయడానికి వచ్చిన అబ్బాయి ఏ భావమూ లేకుండా నాలుగు ప్లేట్లూ ఒకే బక్కెట్‌లోకి గీకేశాడు. అత్తయ్యగారిది కోనసీమ, పుట్టిల్లు వరి పండించే ఇల్లు. కంచంలో మెతుకు వదిలితే మనవణ్ని కూడా లేవనివ్వని మనిషి. ఆవిడ ఆ పూట సగం తిని, ఆ సగం కూడా బలవంతాన మింగి, ఇంక పైకి తీసుకురావద్దు నన్ను అన్నారు.

మా ఆయన మూడ్ ఇంకో రకం. ఆ 12,000 బఫేలోనే రాబట్టాలన్నట్టు మొదటి రోజు ప్లేటు నింపేశారు. "ఇంత పోసి వచ్చాం, తినకపోతే నష్టం కదా" అంటారు. ఈ లెక్క చాలామంది వేస్తారు, కానీ నిలబడదు. టికెట్ డబ్బు ఓడ ఎక్కకముందే పోయింది. ప్లేట్లో వేసి వదిలేసినా, అసలు వేసుకోకపోయినా తిరిగొచ్చేది ఏమీ లేదు. పైగా బఫే ఎక్కడికీ పోదు. సాయంత్రం మళ్లీ తెరుస్తారు, సగం వంటకాలు మళ్లీ అవే ఉంటాయి.

బఫేకే వెళ్లాల్సి వస్తే చేతిలో ప్లేటు లేకుండా ఒక చుట్టు తిరిగి రండి. ఏమేం ఉన్నాయో ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూశాకే ప్లేటు తీసుకోవాలి. అదీ వరుస మొదట్లో పెట్టే పెద్దది వద్దు. బ్రెడ్ దగ్గరా స్వీట్ల దగ్గరా చిన్న ప్లేట్లు పేర్చి ఉంటాయి, అవి తీసుకోండి. ఒక్కోటీ ఒక్క చెంచా. నచ్చింది మళ్లీ వెళ్లి వేసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. గుమ్మం దగ్గర చేతులు కడుక్కోమని నిలబడి చెప్తారు, విసుక్కోకండి. ఓడలో నోరోవైరస్ అంటుకుంటే వాంతులూ విరేచనాలతో కేబిన్‌లోనే పడుండాలి. పొద్దున ఇడ్లీ సాంబారు పెట్టారు. ఇడ్లీ గట్టిగా ఉంది, రెండు వేసుకోకండి. ఆమ్లెట్ మాత్రం అడిగినట్టు వేసి ఇస్తారు.

మాకు నచ్చింది డైనింగ్ హాలు. రాత్రి 8 గంటల సీటింగ్ తీసుకున్నాం. రోజూ అదే టేబుల్, అదే వెయిటర్. ఫిలిప్పీన్స్ మనిషి, నలభై దాటి ఉంటాయి, సహాయకుడిగా కేరళ కుర్రాడు. మొదటి రాత్రి మా అబ్బాయి మెనూ ముందు పెట్టుకుని దేన్ని వదులుకోవాలో తెలియక తలపట్టుకుంటే ఆ వెయిటరే అన్నాడు, వదులుకోవద్దు, అన్నీ చెప్పు, చిన్నవిగా తెస్తాను అని. మెయిన్ కోర్సులో ఉన్నదాన్ని స్టార్టర్ సైజులో అడగొచ్చని మాకు అప్పుడే తెలిసింది. ఒక మనిషి రెండు స్టార్టర్లు చెప్పినా, మెయిన్ కోర్సు అసలు వద్దన్నా, నలుగురికీ కలిపి ఒకే స్వీటు చెప్పినా అదనపు చార్జీ లేదు. పక్కన ధర వేసి ఉన్న లాబ్‌స్టర్ లాంటివి మాత్రం విడి బిల్లు. కొన్ని కంపెనీల్లో మూడో మెయిన్ కోర్సు నుంచి డబ్బులు పడతాయి కాబట్టి ముందే అడగడం మంచిది.

పంచుకోవడం దగ్గరే అత్తయ్యగారితో చిక్కొచ్చింది. ఒకరి ప్లేట్లోంచి ఇంకొకరు ఫోర్కుతో తీసుకోవడం ఆవిడ చూడలేరు, ఎంగిలి. అందుకని వెయిటర్‌ని నాలుగు ఖాళీ ప్లేట్లూ, విడిగా వడ్డించే గరిటెలూ అడిగాం, శాకాహారానికి ఒకటి, మాంసానికి ఒకటి. వంటకం టేబుల్ మధ్యలో పెట్టగానే ఎవరూ ముట్టుకోకముందే నేను పంచేసేదాన్ని. రెండో రాత్రి నుంచి మేం అడగక్కర్లేకుండానే ప్లేట్లూ గరిటెలూ టేబుల్ మీద సిద్ధంగా ఉండేవి. అలా పుట్టగొడుగుల సూపు, రిసోటో, కాల్చిన వంకాయ, గొర్రె మాంసం, రెండు రకాల చేప, ఇంకా పేరు పలకలేనివి ఎన్నో, తలా రెండు ముద్దల చొప్పున తిన్నాం. ప్లేట్లు ఖాళీగా వెనక్కి వెళ్లాయి. ఆవిడ ప్రాణం కుదుటపడింది.

ఒక రాత్రి మెనూలో నత్తలు ఉన్నాయి. మా అబ్బాయి పట్టుబట్టాడు. వేరే చోటైతే ఎంతవుతుందో, నచ్చుతుందో లేదో అని ఆలోచిస్తాం, ఇక్కడ నలుగురికి ఒక్క ప్లేటు చెప్పాం. ఆరు గుంటలున్న చిన్న తెల్ల పింగాణీ పాత్ర, గుంటకొక నత్త, పైన పచ్చగా కొత్తిమీర లాంటి ఆకు కలిపిన వెల్లుల్లి వెన్న ఇంకా చిటపటలాడుతోంది. వాడు మూడు, వాళ్ల నాన్న రెండు, నేను ఒకటి. మెత్తగా, కొంచెం సాగుతూ ఉంది, రుచి మాత్రం అంతా ఆ వెన్నదే. మిగిలిన వెన్నని బ్రెడ్‌తో తుడుచుకుని తిన్నాం. అత్తయ్యగారు కుర్చీ అటు తిప్పుకుని కూర్చున్నారు, కానీ పాత్ర ఖాళీ అయిందా అని మాత్రం అడిగారు.

శాకాహారులు పేర్లు చూసి ఆర్డరిస్తే తిండి పారేయడం తప్పదు, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఫ్రెంచ్ ఆనియన్ సూప్ పేరులో ఉల్లిపాయే ఉన్నా, సంప్రదాయంగా గొడ్డు మాంసం మరిగించిన నీళ్లతో చేస్తారు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేపలు కలుస్తాయి. పన్నా కోటా అనే క్రీము స్వీటులో, చాలా మూస్‌లలో జంతువుల ఎముకలూ చర్మం నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. పక్క టేబుల్లో ఒక గుజరాతీ పెద్దాయన ఆ సూపు తెప్పించుకుని, సంగతి తెలిశాక చెంచా ముట్టకుండా వెనక్కి పంపారు. మా వెయిటర్ మెనూ మీద అత్తయ్యగారికి పనికొచ్చే వాటి పక్కన పెన్నుతో టిక్కులు పెట్టిచ్చేవాడు. మర్నాటికి ఏం కావాలో ముందు రాత్రే చెప్తే వండిస్తామని హెడ్ వెయిటర్ అన్నాడు. ఆవిడ పప్పూ అన్నం అడిగారు. వచ్చింది జీలకర్ర పోపు వేసిన ఉత్తరాది పప్పు, పల్చగా ఉంది. కేరళ కుర్రాడు చెప్పకుండానే పచ్చిమిరపకాయలూ ఉల్లిపాయ ముక్కలూ తెచ్చిపెట్టాడు. సీలు ప్యాకెట్ కందిపొడి మాతో ఉంది. ఇంట్లో చేసిన తిండి ఓడ ఎక్కనివ్వరు, సీలు తీయని ప్యాకెట్లకి మాకు ఇబ్బంది రాలేదు. కందిపొడి, పెరుగన్నంతో ఆవిడ ఆ రాత్రి తృప్తిగా తిన్నారు, తిన్నాక మెనూలోంచి తనే ఒక ఐస్‌క్రీమ్ ఎంచుకున్నారు.

డబ్బు కట్టి తినే స్పెషాలిటీ రెస్టారెంట్ మాత్రం దండగ. తండ్రీకొడుకులు ఇటాలియన్‌కి వెళ్లారు. తలకి 45 డాలర్లు, పైన 18 శాతం సర్వీస్ చార్జ్, ఇద్దరికీ 106 డాలర్ల 20 సెంట్లు. చిన్నవి తెమ్మంటే ఇక్కడ అలా కుదరదన్నారట. బేసిన్ అంత గిన్నెలో పాస్తా వచ్చింది, సగం వదిలి వచ్చారు. కింద హాల్లో అడగ్గానే దొరికే మర్యాద, డబ్బు పోసిన చోట దొరకలేదు.

మిగిలిన తిండి ఏం చేస్తారని మా వెయిటర్‌ని అడిగాను. ప్లేట్లోకి వచ్చినది ఎవరికీ పెట్టరు, సిబ్బందికి కూడా. కిందికి పంపి మెషిన్‌లో నూరి సముద్రంలో కలుపుతారు అన్నాడు. ఇంటికొచ్చాక చదివితే నిజమే. ఓడల కాలుష్యం మీద మార్పోల్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది, అందులో చెత్త గురించి ఐదో అనుబంధం 1988 చివర్లో అమల్లోకి వచ్చింది. 25 మిల్లీమీటర్ల కన్నాలున్న జల్లెడలో దిగేంత మెత్తగా నూరితే తీరానికి 3 నాటికల్ మైళ్లు దాటాక, నూరకపోతే 12 దాటాక, అంటే 22 కిలోమీటర్ల పైన, సముద్రంలో వదలొచ్చు. ప్రత్యేక ప్రాంతాలుగా ప్రకటించిన సముద్రాల్లో నియమం ఇంకా గట్టిది. ఆ రొయ్యలూ కేకూ చట్టప్రకారమే పోయి ఉంటాయి. అయినా ఆ ప్లేటు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మిగిల్చింది బ్యాగులో వేసుకుని దిగుదామంటే అదీ కుదరదు. పండ్లూ, మాంసమూ, వండిన పదార్థాలూ రేవులో దిగనివ్వరని ఓడలోనే అనౌన్స్ చేస్తారు.

పెనాంగ్‌లో ఓడ ఆగేది స్వెట్టెన్‌హామ్ పియర్ దగ్గర, అక్కణ్నుంచి జార్జ్‌టౌన్ లిటిల్ ఇండియాకి నడిచే వెళ్లొచ్చు, ట్యాక్సీ వద్దు. అక్కడ వీధి కొట్లలో ప్లేటే చిన్నది, నాలుగు చోట్ల రుచి చూడటానికి అంతకంటే మంచి ఊరు లేదు. చెండోల్ అని, ఆకుపచ్చ జెల్లీ తీగల మీద కొబ్బరిపాలూ గులా మెలాకా బెల్లం పాకమూ పోసి ఐసు వేసిస్తారు. కప్పు 5 రింగిట్లు, నలుగురికి రెండు కప్పులు చాలు. చార్ కొయ్ టియో నూడుల్స్ సంప్రదాయంగా పంది కొవ్వులో వేయిస్తారు, తినేవాళ్లు అడిగి తినండి. ఫుకెట్‌లో వాన, ఓడ దిగలేదు.

చివర్లో టిప్పుల సంగతి. రోజుకి మనిషికి 18 డాలర్ల చొప్పున 288 డాలర్లు ఓడలో మా బిల్లుకి చేరింది. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్ దగ్గర మనవాళ్లు క్యూ కట్టి దాన్ని తీయించుకోవడం చూశాను. దయచేసి ఆ పని చేయకండి. నాలుగు రాత్రులు మన టేబుల్ చుట్టూ తిరిగినవాళ్లకి వెళ్లే డబ్బు అది. ఆ వెయిటర్‌కి మేం విడిగా 40 డాలర్లు కవర్లో పెట్టి ఇచ్చాం, సర్వే ఫారంలో అతని పేరు రాశాం. పేరు రాస్తే వాళ్ల ఉద్యోగానికి మేలట. బుకింగ్‌లో డైనింగ్ టైమ్ అడిగినప్పుడు ఎప్పుడైనా రావచ్చనేది కాకుండా ఫిక్స్‌డ్ సీటింగ్ పెట్టించుకోండి. సాయంత్రం ఐదున్నరది మనకి టిఫిన్ వేళ, ఎనిమిదిది తీసుకోండి. అదే ముందు నిండిపోతుంది, టికెట్ కొన్న రోజే చెప్పేయాలి.